మందుగా వచ్చిన అమ్మాయిలు

రఫీ పాడిన "ఖిలోనా జాన్‌కర్" పాట ఎక్కడ వినబడినా నాకు మా నానమ్మ గుర్తొస్తుంది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు, ఆ సినిమా చూడనూ లేదు. కానీ కథ మాత్రం కంఠతా వచ్చు. ఎందుకంటే ఆవిడ 1963లో తెనాలిలో 'పునర్జన్మ' చూసింది. అక్కినేనికి మతి చలిస్తుంది, కృష్ణకుమారి ఆ ఇంటికొచ్చి సేవ చేస్తుంది, మనిషి మళ్లీ మామూలవుతాడు. ప్రత్యగాత్మ తీసిన ఆ సినిమాకి మూలం గుల్షన్ నందా రాసిన హిందీ నవల. ఏడేళ్ల తర్వాత మన ఎల్.వి. ప్రసాద్ గారే దాన్ని సంజీవ్ కుమార్, ముంతాజ్‌లతో 'ఖిలోనా' పేరుతో హిందీలో నిర్మించారు. ఆ ఏటి ఫిలింఫేర్ ఉత్తమ చిత్రం బహుమతి దానికే వచ్చింది, ఉత్తమ నటి బహుమతి ముంతాజ్‌కి. అలా ఆ కథ హిందీ నుంచి తెలుగుకి వచ్చి, మళ్లీ హిందీకి వెళ్లి, మా ఇంట్లో మాత్రం ఉండిపోయింది.

మా బాబాయి సహకార బ్యాంకులో గుమాస్తాగా ఉండేవాడు. లెక్కల్లో దిట్ట, చేతిరాత ముత్యాల్లా ఉండేదని నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఆయనకి జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. ముందు స్నేహితులు రావడం తగ్గింది. తర్వాత రాత్రిళ్లు నిద్ర పోయింది. రేడియోలో వార్తలు చదివే ఆయన తన గురించే చదువుతున్నాడని గట్టిగా నమ్మేవాడు. వార్తల వేళకి లేచి వెళ్లి రేడియో మీద తువ్వాలు కప్పి, నాలుగు పక్కలా అంచులు జాగ్రత్తగా లోపలికి దోపేవాడు. నేను చిన్నపిల్లని, అదేదో ఆటనుకుని ఒకసారి ఆ తువ్వాలు లాగేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వణుకుతున్న చేతులతో మళ్లీ కప్పాడు.

నానమ్మ తాయత్తులు కట్టించింది, గుళ్లో నిద్రలు చేయించింది. ఏదీ పనిచెయ్యకపోయేసరికి పెద్దవాళ్లందరూ కూర్చుని పెళ్లి చేద్దామన్నారు. "పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు" అన్న సామెతలో సగం మా వాళ్లు మర్చిపోయారు, రెండో సగం పట్టుకున్నారు. నాన్న కాస్త నసిగితే నానమ్మ గదమాయించిందట: "నాగేశ్వర్రావుకి నయం కాలేదూ?" అని. ఆడపిల్ల వాళ్లకి మాత్రం "అబ్బాయి కాస్త నెమ్మదస్తుడు" అని చెప్పారు. అలా మా పిన్ని ఆ ఇంటికొచ్చింది. అప్పుడామెకి ఇరవై నిండలేదు.

నేను పెద్దయ్యాక 'ఖిలోనా' చూశాను. ప్రేమించిన అమ్మాయి వేరొకరిని పెళ్లాడి కళ్లెదుటే ప్రాణం తీసుకుంటే సంజీవ్ కుమార్‌కి పిచ్చెక్కుతుంది. ఇంట్లోవాళ్లు ముంతాజ్‌ని, ఆటపాటలతో బతికే ఒక తవాయిఫ్‌ని, డబ్బిచ్చి తీసుకొచ్చి భార్యలా ఉండమంటారు. ఆమె ఉంటుంది. అన్నం తినిపిస్తుంది, దెబ్బలు కాస్తుంది. మతి లేని స్థితిలోనే అతను ఆమెని బలాత్కరిస్తాడు. ఆమె గర్భవతి అవుతుంది. చివరికి ఒక ఘర్షణలో ఇంకో షాక్ తగిలి అతనికి తెలివి వస్తే, ఎదురుగా ఉన్న ఆ అమ్మాయి ఎవరో అతనికి తెలీదు. సంజీవ్ కుమార్ అద్భుతంగా చేశాడు, కాదనను. పాట వింటే ఇవాళ్టికీ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ అమ్మాయికి జరిగినదాన్ని ఆ సినిమా కథలో ఒక మలుపుగా వాడుకుని ముందుకెళ్లిపోతుంది. నాకు అక్కడే కోపం. ఆమెకి జరిగినదానికి ఆ కథలో ఎవరూ జవాబుదారీ కాదు. ఆమె త్యాగశీలి, అంతే.

విచిత్రం ఏమిటంటే, ఆ మూడు నాలుగేళ్లలోనే హిందీలో పిచ్చి మీద వరసగా సినిమాలొచ్చాయి. షమ్మీ కపూర్ 'పగ్లా కహీఁ కా' 1970లోనే. స్నేహితుణ్ణి కాపాడటానికి పిచ్చివాడిలా నటించి ఆసుపత్రికి చేరిన మనిషి, బయటికొచ్చాక దెబ్బతిని నిజంగానే పిచ్చివాడవుతాడు. అక్కడ డాక్టరు ఆశా పరేఖ్. అంతకుముందు 1967లో 'రాత్ ఔర్ దిన్' వచ్చింది. పగలు ఇల్లాలు, రాత్రయితే వేరే పేరుతో క్లబ్బులకి వెళ్లి డాన్సు చేసే మనిషిగా నర్గీస్. జాతీయ ఉత్తమ నటి బహుమతి మొట్టమొదట అందుకున్నది ఆవిడే, ఈ పాత్రకే. భూతవైద్యం దగ్గర ఆగకుండా మానసిక వైద్యుడి దాకా వెళ్లిన సినిమా అది. ఆ మాత్రం గౌరవం దానికి ఇవ్వాలి.

వీటన్నిటిలో పిచ్చికి ఒక తేదీ ఉంటుంది. ఫలానా రాత్రి ఎక్కుతుంది, ఫలానా పొద్దున దిగుతుంది. ఎక్కడానికి ఒక దెబ్బ, దిగడానికి ఇంకో దెబ్బ. ప్రేమ విఫలమైతే ఎక్కుతుంది, ప్రేమ దొరికితే దిగుతుంది. బాబాయి ఎవర్నీ ప్రేమించలేదు. ఎవరూ ఆయన కళ్లముందు చనిపోలేదు. అందుకని మా చుట్టాలు ఏళ్ల తరబడి ఆ కారణం వెతుకుతూనే ఉన్నారు. "కాలేజీలో ఎవరైనా అమ్మాయి ఉందేమో కనుక్కోండి" అని మా మేనత్త నాన్నకి ఉత్తరం కూడా రాసింది. కొన్నాళ్లకి ఆ వెతుకులాట పిన్ని మీదికి మళ్లింది. ముంతాజ్‌కి నయం చెయ్యడం చేతనైంది, ఈమెకి చేతకాలేదు అన్నట్టు చూసేవాళ్లు.

మేం అప్పుడు హైదరాబాద్‌లో, సనత్‌నగర్‌లో ఉండేవాళ్లం. బాబాయిని డాక్టరుకి చూపించడానికి పిన్ని తెనాలి నుంచి తీసుకొచ్చేది. వచ్చినప్పుడల్లా కొన్ని వారాలు మా ఇంట్లోనే మకాం. అడిగినవాళ్లకి "నరాల డాక్టరు దగ్గరికి" అని చెప్పేవాళ్లం. సిటీ బస్సులో పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ స్టాపు వస్తే కండక్టరు కేకకి ఎవరో ఒకరు ఇకిలించడం, "దిగు, నీ స్టాపొచ్చింది" అని పక్కవాణ్ణి మోచేత్తో పొడవడం మామూలు. హిందీ వాళ్లకి ఆగ్రా, రాంచీ ఎలాగో మనకి ఎర్రగడ్డ అలాగ. పిన్ని ఆ నవ్వులు విననట్టే కిటికీలోంచి బయటికి చూసేది. బాబాయి ఒక్కోసారి వాళ్లతో పాటు తనూ నవ్వేవాడు.

ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో హిందీ సినిమా. అలా ఒక ఆదివారం 'ఖామోషీ' వేశారు. పిన్నికి హిందీ రాదు, నేను పక్కన కూర్చుని చెవిలో అనువాదం చేసేదాన్ని. కాసేపు కాగానే ఆమె నన్ను ఆపి, "ఇది సావిత్రి సినిమానే!" అంది.

నిజమే. అషుతోష్ ముఖర్జీ బెంగాలీ కథని దర్శకుడు అసిత్ సేన్ 1959లో సుచిత్రా సేన్‌తో 'దీప్ జ్వేలే జాయ్'గా తీశాడు. మరుసటి ఏడే గుత్తా రామినీడు దర్శకత్వంలో తెలుగులో 'చివరకు మిగిలేది' వచ్చింది, సావిత్రితో. బుచ్చిబాబు నవల పేరే కానీ కథ అది కాదు. "సుధవోల్ సుహాసిని", "అందానికి అందం నేనే" పాటలు అందులోవే, సంగీతం అశ్వత్థామ. డాక్టరీ చదివిన ప్రభాకర రెడ్డి నటుడిగా పరిచయమైందీ అందులోనే. హిందీకి వచ్చేసరికి అసిత్ సేన్ తన కథని తనే మళ్లీ తీశాడు, వహీదా రెహమాన్‌తో.

ఆ కథలో కర్నల్ సాబ్ అనే డాక్టరు చేసే ప్రయోగం ఒకటుంది. ప్రేమలో దెబ్బతిన్న రోగికి ఒక నర్సు తల్లిలా, ప్రేయసిలా ఆప్యాయత చూపించి దారిలోకి తేవాలి. నర్సు రాధ మొదటి రోగికి, ధర్మేంద్రకి, అలాగే నయం చేస్తుంది. చేసే క్రమంలో నిజంగా ప్రేమిస్తుంది. అతనికి నయమై వెళ్లిపోయి వేరే అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. "తుమ్ పుకార్ లో" పాటలో ధర్మేంద్ర ముఖం కూడా మనకి సరిగా కనబడదు. హేమంత్ కుమార్ గొంతు, చీకటి, వింటూ నిలబడ్డ వహీదా. తర్వాత రాజేష్ ఖన్నా వస్తాడు. ఈసారి తన వల్ల కాదంటుంది రాధ. మళ్లీ ఒప్పుకుంటుంది. హుగ్లీ నది మీద పడవలో, వెనక హౌరా వంతెన, "వో శామ్ కుఛ్ అజీబ్ థీ" అని అతను పాడుతుంటే ఆమెకి మొదటివాడు గుర్తొస్తుంటాడు. రెండోవాడికీ నయమవుతుంది. ఆమెకి మతి పోతుంది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది. నేను నటించలేదు, నాకు నటించడం రాదు అని ఆమె అనే చోట నేను అనువాదం ఆపేశాను. పిన్నికి అవసరం లేకపోయింది.

సినిమా అయ్యాక బాబాయికి రాత్రి మాత్రలు వెయ్యడానికి లేచింది. వచ్చి మళ్లీ నా పక్కన కూర్చుని, "ఆ డాక్టరు ఒక్కసారైనా ఆ పిల్లని నువ్వు పడుకున్నావా, తిన్నావా అని అడిగాడటే?" అంది. నేను ఆలోచించి, గుర్తు లేదన్నాను.

వైద్యంగా చూస్తే కర్నల్ సాబ్ ప్రయోగం శుద్ధ తప్పు. నర్సు చేత రోగికి ప్రేమ నటింపజేయడం ఏ ఆసుపత్రిలోనూ చెయ్యకూడని పని. అయినా పిచ్చి మీద వచ్చిన హిందీ సినిమాల్లో నేను నెత్తిన పెట్టుకునేది దీన్నే. మందుగా వాడిన మనిషికి కూడా ఒళ్లూ మనసూ ఉంటాయని, అవి అరిగిపోతాయని చెప్పిన సినిమా అది. చేసిన సేవకి మెచ్చి దండ వేసి పంపించలేదు, ఏం జరుగుతుందో చూపించింది.

హిందీ సినిమా చేసిన పెద్ద అపకారం మాత్రం ఒకటుంది, దాన్ని మేం అనుభవించాం. కరెంటు. సినిమాలో ఆ దృశ్యం ఎప్పుడూ ఒకటే. నలుగురు వార్డుబాయిలు చేతులూ కాళ్లూ పట్టుకుంటారు, తోలుపట్టీలు బిగిస్తారు, ఒకడు మీట తిప్పుతాడు, మనిషి గిలగిల కొట్టుకుంటాడు. 1967 నాటి 'జ్యూవెల్ థీఫ్'లో దేవ్ ఆనంద్‌కి షాకులిచ్చేది తను ఎవరో మర్చిపోయేలా చెయ్యడానికి. 1993లో 'దామినీ' వచ్చేసరికి, నిజం చెబుతున్న ఆడదాన్ని పిచ్చిదని ముద్ర వేసి నోరు మూయించడానికి ఆసుపత్రి పనికొస్తుంది. దామిని కథలో కోపం న్యాయమైనదే. భార్యలని అలా ఆసుపత్రుల్లో పడేసిన మొగుళ్లు లేరని ఎవరంటారు? కానీ అలాంటి సినిమాలన్నీ చూసి పెరిగినవాళ్లకి ఆసుపత్రి అంటే జైలు, డాక్టరంటే విలన్ పక్కన నిలబడేవాడు అని మనసులో నాటుకుపోయింది.

బాబాయికి ఒక శీతాకాలం బాగా ముదిరింది. మాట పడిపోయింది. అన్నం నోట్లో పెడితే మింగడు. చెయ్యి పైకెత్తి వదిలితే అలాగే గాల్లో ఉండిపోయేది, మనం దించేదాకా. కెటటోనియా అన్నారు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఇలాంటి స్థితిలో త్వరగా పనిచేసేది ఈసీటీ, అంటే కరెంటు వైద్యమేనని చెప్పారు. నానమ్మ తెనాలి నుంచి ట్రంకాల్‌లో ఏడ్చింది, "నా బిడ్డకి కరెంటు పెట్టడానికి వీల్లేదు" అని. నాన్న కూడా తటపటాయించాడు. ఆయన మనసులో ఏ సినిమా నడుస్తోందో నాకు తెలుసు, నా మనసులోనూ అదే నడుస్తోంది.

పిన్ని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి "ఏం చేస్తారో నాకు మొదట్నుంచీ చెప్పండమ్మా" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు. మత్తు ఇంజెక్షన్‌తో నిద్రపోతాడు. కండరాలు బిగుసుకోకుండా ఇంకో ఇంజెక్షన్. ఊపిరికి ఆక్సిజన్. నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య రబ్బరు దిమ్మ. కణతల దగ్గర కరెంటు పెట్టేది కొన్ని సెకన్లే. మెదడులో ఫిట్ వస్తుంది, అదే వైద్యం. కండరాలకి మందు ఇచ్చాం కాబట్టి ఒళ్లు ఎగిరిపడదు. అందుకని ముందే ఒక కాలికి బీపీ పట్టీ బిగించి, ఆ పాదానికి మందు చేరకుండా చూస్తాం. ఆ ఒక్క పాదం కదలడాన్ని బట్టి ఫిట్ ఎంతసేపుందో మాకు తెలుస్తుంది. లేచాక తలనొప్పి, కాస్త తికమక ఉంటాయి, కొన్ని సంగతులు మర్చిపోవచ్చు.

పిన్ని విని, కాగితం మీద సంతకం పెట్టింది.

కొన్నిసార్లు ఇచ్చాక ఒక పొద్దున బాబాయి "కాఫీలో పంచదార ఎక్కువైంది" అన్నాడు. ఆ మాట చెప్పడానికి నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. జబ్బు పోలేదు. ఆ నెలలో ఎవరెవరు చూడటానికొచ్చారో బాబాయికి ఇప్పటికీ గుర్తు లేదు. మాత్రలు, నెలకోసారి ఇంజెక్షన్, చేతుల వణుకు, నోరు ఎండిపోవడం, మధ్యమధ్య మళ్లీ తిరగబెట్టడం, అన్నీ ఉన్నాయి. కానీ ఆ చలికాలం దాటి మనిషి మిగిలాడంటే ఆ కరెంటు వల్లే. ఏ హిందీ సినిమాలోనూ నేను ఆ ఒక్క పాదాన్ని చూడలేదు. మత్తు లేకుండా కరెంటు పెట్టడం ఒకప్పుడు మన దేశంలో చాలాచోట్ల జరిగింది, సినిమావాళ్లు మొత్తం గాల్లోంచి పుట్టించలేదు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. రోగుల్ని గొలుసులతో కట్టడాన్నీ నిషేధించింది.

గొలుసులంటే ఏర్వాడి గుర్తు రాక మానదు. రామనాథపురం జిల్లాలో దర్గా దగ్గర, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పాక మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే బాలా తమిళంలో 'సేతు' తీసి అలాంటి చోటు ఎలా ఉంటుందో చూపించాడు. అదే తెలుగులో 'శేషు' అయింది, 2003లో హిందీలో 'తేరే నామ్'. 'తేరే నామ్' వచ్చాక హైదరాబాద్‌లో కుర్రాళ్లందరూ మధ్యపాపిడి తీసి సల్మాన్ ఖాన్‌లా జుట్టు పెంచారు. ఆ గొలుసుల గురించి మాట్లాడినవాళ్లు నాకు తారసపడలేదు.

హిందీ నటి పర్వీన్ బాబీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెకి స్కిజోఫ్రెనియా అని పత్రికలు రాశాయి, ఆమె ఒప్పుకోలేదు. ఆమెతో గడిపిన తన జీవితంలోంచి మహేష్ భట్ తీసిన 'అర్థ్'లో స్మితా పాటిల్ పాత్ర ఉంది కదా, తెగిన మంగళసూత్రం నల్లపూసల భయంతో అల్లాడిపోయే మనిషి, అంత దగ్గరగా ఆ బాధని హిందీ తెర మీద నేను ఇంకెక్కడా చూడలేదు. 2005 జనవరిలో పర్వీన్ బాబీ బొంబాయిలో తన ఫ్లాట్‌లో ఒంటరిగా చనిపోతే, బయటి ప్రపంచానికి కొన్నాళ్లకి గానీ తెలియలేదు. ఆ వార్త చదివిన రోజు పిన్ని మా ఇంట్లోనే ఉంది. "ఆ అమ్మాయికి మాత్రలు వేసుకున్నావా అని అడిగేవాళ్లు లేకపోయారు" అంది.

ఈమధ్య రోజులు కొంచెం మారాయి. 2019లో 'మెంటల్ హై క్యా' అని పేరు పెడితే మానసిక వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పింది, పేరు 'జడ్జ్‌మెంటల్ హై క్యా' అయింది. దాని దర్శకుడు మన రాఘవేంద్రరావు గారబ్బాయి ప్రకాశ్. 2016లో వచ్చిన 'డియర్ జిందగీ'ని పిన్నికి నేనే చూపించాను. గోవా సముద్రం ఒడ్డున షారుక్ ఖాన్ డాక్టరు ఆలియా భట్‌తో గంటలకొద్దీ మాట్లాడుతుంటే పిన్ని ఆశ్చర్యపోయింది. మా డాక్టరమ్మ మంచిదే, కానీ ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది నాలుగు నిమిషాలు, అదీ ముందు చీటీ రాయించుకుని గంటలు నిలబడితే. "ఇంతసేపు మాట్లాడే డాక్టర్లు నిజంగా ఉన్నారటే?" అని అడిగింది. ఉన్నారు పిన్నీ, ఫీజు ఎక్కువ అన్నాను.

ఆమెకి నచ్చనిది 'సద్మా'. దాని తమిళ మూలం 'మూండ్రాం పిరై' మన దగ్గర 'వసంత కోకిల'గా ఆడింది. బుద్ధి చిన్నపిల్ల స్థాయికి పోయిన శ్రీదేవిని కమల్ హాసన్ అంత అపురూపంగా చూసుకుంటే, వైద్యుడు ఒక్క రోజులో నయం చేస్తాడు, ఆమె అతన్ని గుర్తుపట్టకుండా రైలెక్కి వెళ్లిపోతుంది. అందరూ ఆ రైలు దృశ్యానికి ఏడుస్తారు. పిన్నికి మండిపోతుంది. ఒక్క రోజులో నయం చేసేవాడుంటే ఇన్నేళ్లూ ఎక్కడికి పోయాడంటుంది.

ఇప్పుడు బాబాయికి డెబ్బై దాటాయి. మాత్రలు తనే డబ్బాలోంచి లెక్కపెట్టి తీసుకుంటాడు, పేపరు మొదటి నుంచి చివరిదాకా చదువుతాడు, రేడియో కూడా వింటాడు. పిన్నికి ఫోన్‌లో పాత సినిమాలు చూడటం అలవాటైంది. మొన్న 'చివరకు మిగిలేది' చూసి నాకు ఫోన్ చేసింది. వహీదా కన్నా సావిత్రే బాగా చేసిందని ఆమె వాదన. నేను ఒప్పుకోలేదు. వహీదా ఏమీ చెయ్యకుండానే అంతా చెప్పిందని, కమల్ బోస్ ఆ నలుపు తెలుపుల్లో ఆమె ముఖం మీద పట్టుకున్న వెలుగు చూడమని చెప్పాను.

"వహీదాని చూస్తే జాలేస్తుందే," అంది పిన్ని. "సావిత్రిని చూస్తే భయమేస్తుంది. భయం వెయ్యాలి."

ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. వచ్చే పండక్కి తెనాలి వెళ్తున్నాను, రెండూ వరసగా పెట్టుకుని చూద్దామంది.